రాళ్ళ రోడ్డు, నెత్తి మీద ఒట్టు

సైకిల్‌ను మంచం పక్కన పెట్టుకుని పడుకునే మనిషిని నేను ఈ ఇంట్లోనే చూశాను. కార్లకు బయట షెడ్డు ఉంది, పాత సామాన్లకు మెట్ల కింద గది ఉంది. అయినా చిన్నమ్మాయి సైకిల్ మాత్రం పైన ఆమె గదిలో, లేత రంగు తివాచీ మీదే ఉండాలి. దాని మీద పడే చైను నూనె మరకలు రుద్దేది నేను. రుద్దినంతసేపూ ఆ సైకిల్‌ను, దాన్ని కనిపెట్టినవాణ్ణి, అమ్మినవాణ్ణి వరసపెట్టి తిట్టేదాన్ని. ఆ పిల్ల మంచం మీద పడి నవ్వేది. నా తిట్లన్నీ ఆమెకు అర్థమవుతాయి.

ఆమెకు తెలుగు వచ్చు. అదీ మా అన్నమయ్య జిల్లా పల్లె తెలుగు. ముబారక్ అల్ కబీర్‌లో ఈ ఇంట్లో నేను పనికి చేరినప్పుడు ఆమె ఇంకా పాకుతోంది. కువైట్‌లో ఇంటి యజమానురాలిని మా పనివాళ్ళం మామా అని పిలుస్తాం. మామా ఆఫీసుకు పోతే పిల్ల రోజంతా నా చంకలో ఉండేది. పక్క ఇళ్ళలో పనిచేసే మా వైపు ఆడవాళ్ళు నన్ను అక్కా అనడం విని తనూ అక్కా అంది. ఆ తర్వాత ఏం చెప్పినా ఆ పిలుపు మారలేదు. నా కొడుకు నాకు ఫోన్లో పెరిగాడు, ఈ పిల్ల చేతుల్లో పెరిగింది. ఎవరి మీద ప్రేమ ఎక్కువ అని అడిగితే నాకు కోపం వస్తుంది, అడగొద్దు.

మా ఇద్దరికీ రహస్యాలన్నీ తెలుగులోనే. సెంటు సీసా పగిలినా, లెక్కల్లో సున్నా వచ్చినా ముందు నా దగ్గరికి వచ్చి తెలుగులో చెప్పేది. నా చెయ్యి లాగి తన నెత్తిన పెట్టుకుని ఒట్టు వేయించుకునేది. ఆ అలవాటు చేసింది నేనే. నెత్తిన చెయ్యి పెట్టి వేసిన ఒట్టు తప్పితే ఆ నెత్తి ఎవరిదో వాళ్ళకే కీడు జరుగుతుందని మా ఇళ్ళలో అంటారు. చిన్నపిల్లకు అది చెప్పి భయపెట్టడం ఎందుకని, ఒట్టు తీసేయడం కూడా నేర్పాను. నెత్తి మీంచి పిడికిలితో తీసినట్టు తీసి, గట్టు మీద పెట్టేసినట్టు పక్కన పెట్టాలి. వేసినవాళ్ళే తీయాలి, వేయించుకున్నవాళ్ళు తల వంచాలి. ఇంట్లో గట్టు ఎక్కడుంది, అందుకని వంటింటి బండ మీద పెట్టేవాళ్ళం.

పెద్దయ్యాక ఆమెకు ఇంట్లో ఒక చెడ్డ పేరు వచ్చింది. కాలేజీలో ఒక చదువు మొదలుపెట్టి వదిలేసింది, ఇంకొకటి మొదలుపెట్టి అదీ వదిలేసింది. స్నేహితురాలితో కలిసి కేకుల వ్యాపారం అంది, అదీ పోయింది. ఇది దేన్నీ చివరిదాకా చేయదు అని మామా అందరి ముందూ అనేది. చుట్టాలొచ్చినప్పుడు నవ్వుతూ అనేది, అదే ఇంకా ఎక్కువ గుచ్చుకునేది. ఆ పిల్ల ఖర్జూరాల పళ్ళెం నా చేతికిచ్చి పైకి పోయేది.

సైకిల్‌ను మాత్రం అలా వదల్లేదు. ఎండాకాలం గదిలోనే చక్రాన్ని ఒక యంత్రానికి తగిలించి తొక్కింది, చలికాలం ఆడపిల్లల గుంపుతో శుక్రవారం పొద్దున్నే సముద్రం రోడ్డున తొక్కింది. ఈ చలికాలం మొదట్లో ఒక రోజు నన్ను కూర్చోబెట్టి ఫోన్లో వీడియో చూపించింది. బెల్జియంలో పాతకాలం రాళ్ళ రోడ్డు. మా వైపు రచ్చబండకు వేసినట్టు ఒక్కో రాయి పైకి లేచి ఉంది. దాని మీద వందలమంది సైకిళ్ళు తొక్కుతున్నారు, ముఖాల నిండా బురద, బుగ్గలు, చేతులు గడగడ వణుకుతున్నాయి. ఇదేం ఖర్మ తల్లీ, నడవడానికే పనికిరాని దారి కదా అన్నాను. అది పోటీ కాదట, ఎవరైనా పేరు ఇచ్చి తొక్కవచ్చట. వసంతంలో ఉంది. ఆమె పేరు ఇచ్చేసింది.

“గెలవాలని కాదక్కా. ఆ కొసాన గీత గీసుంటారు సూడు, ఆ గీత దాటాల. అంతే” అంది.

అప్పుడే నాకు అర్థమైంది, ఆమె దాటాలనుకుంటున్నది బెల్జియంలో గీత కాదని. మామా అనే మాటను దాటాలి.

మామా ఒప్పుకోవడానికి చాలా రోజులు పట్టింది. చివరకు ఒక షరతు పెట్టింది. ఇక్కడ బయట తొక్కే ప్రతిసారీ డ్రైవరు కారులో వెనక వెళ్ళాలి, ఆ కారులో నేను ఉండాలి. ఏం జరిగినా అదే రోజు తనకు తెలియాలి. అది చెప్పేటప్పుడు మామా వేలితో నా కళ్ళు చూపించి, తర్వాత తన కళ్ళు చూపించింది. సరే మామా అన్నాను. అలా ఒక మాట అక్కడ ఇచ్చాను.

సైకిల్‌ను ఆ రోడ్డుకు తయారు చేయడం పెళ్ళికూతుర్ని చేసినంత పని. గది మధ్యలో దుప్పటి పరిచి, దాన్ని ఒక స్టాండుకు బిగించి, ఫోన్లో చూసుకుంటూ ఆమె విప్పేది, నేను పట్టుకునేదాన్ని. సన్నటి టైర్లు తీసేసి, చట్రంలో పట్టేంత వెడల్పువి వేసింది. గోరు దూరేంత సందు మిగిలిందా లేదా అని చక్రం తిప్పి తిప్పి చూసింది. కుదుపుకు ఊడిపోకుండా ప్రతి స్క్రూకూ నీలం రంగు జిగురు పెట్టి బిగించింది. నీళ్ళ సీసాలు ఎగిరి పడిపోతాయని వాటిని పెట్టే పంజరాల లోపల పాత ట్యూబు ముక్కలు కోసి అతికించాము.

హ్యాండిల్ చుట్టే పట్టీ దగ్గర మాత్రం నేనే పనిమంతురాలినయ్యాను. అడుగున పలచటి స్పాంజి, దాని పైన ఒకదాని మీద ఒకటి రెండు పట్టీలు చుట్టాలి. ఆమె చుడితే ముడతలు పడ్డాయి. ఇటివ్వు అని తీసుకుని, ఒక చేత్తో లాగి పట్టి రెండో చేత్తో చుట్టుకుంటూ పోయాను. ఎన్నేళ్ళు ఆమె జడకు రిబ్బను అలా చుట్టలేదు నేను. చేతులు బండబారిపోకుండా ఉండేది ఆ మెత్తదనం వల్లనే అంది. ఆమెకు ఫోన్లో నేర్పే కోచ్ కూడా రాళ్ళ మీద హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకోవద్దని, వదులుగా పట్టుకుని సైకిల్‌ను దాని దారిన పోనివ్వమని పదే పదే చెప్పేవాడు.

చివరకు టైర్లలో గాలి. ఒక చిన్న మీటరు పెట్టి కొంచెం కొంచెం వదిలింది. నేను నొక్కి చూస్తే బొటనవేలు లోపలికి దిగింది. పంచరేమో అన్నాను. కాదట. గట్టి టైరు రాయి తగిలితే బంతిలా ఎగురుతుందట, మెత్తటి టైరు రాయిని మింగేసి పోతుందట. సరే, మింగితే మింగనీ అనుకున్నాను.

తినడానికి కూడా నాకు పని పడింది. తొక్కుతూ తినడానికి బియ్యంతో ముద్దలు చేసి, కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుంటారట. ఈజిప్టు బియ్యం మెత్తగా ఉడికించి, ఖర్జూరం, కొబ్బరి, చిటికెడు ఉప్పు వేసి అచ్చుకు పోసి కోశాను. చక్కెర పొంగలిని ముక్కలు కోసినట్టు ఉంది. మామా ఒకటి తిని ఇంకొకటి అడిగింది. ఆ సాయంత్రం మామా కూడా గదిలోకి వచ్చి, సైకిల్‌ను దూరం నుంచే కాసేపు చూసి పోయింది. తను పోయాక పిల్ల నా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజు ఇంట్లో అందరం సంతోషంగా ఉన్నాము.

కువైట్‌లో రాళ్ళ రోడ్డు ఎక్కడుంది? ఉన్నవన్నీ నున్నటి తారు రోడ్లే. దజీజ్‌లో గోడౌన్ల వెనక మాత్రం ఇంటర్‌లాక్ ఇటుకలు పరిచిన పెద్ద ఖాళీ స్థలం ఒకటి ఉంది. లారీలు తిరిగి తిరిగి ఇటుకలు కొన్ని కుంగిపోయి, కొన్ని పైకి లేచాయి. దాన్ని కనిపెట్టింది మా డ్రైవరు. అతను కోనసీమవాడు, నాకంటే చిన్న, నన్ను అక్కా అంటూనే అండీ తగిలిస్తాడు. ఎక్కడికి పోతున్నామో తెలియకపోయినా ముందు బండి తీసి తర్వాత అడిగే రకం. మంచివాడు, చేతులు మాత్రం ఊరికే ఉండవు.

శుక్రవారం పొద్దున గోడౌన్లు మూసి ఉంటాయి. మేము వెళ్ళేసరికి అక్కడ పిల్లులు, ఖాళీ అట్టపెట్టెలు తప్ప ఎవరూ ఉండరు. ఆమె ఆ ఇటుకల మీద ఈ చివర నుంచి ఆ చివరకు తొక్కేది. మొదట్లో దిగేసరికి చేతులు వణికి సీసా మూత కూడా తీయలేకపోయేది. వారాలు గడిచేకొద్దీ వణుకు తగ్గింది. భుజాలు వదులు చేసి, వెనక్కి కూర్చుని, చూపు దూరంగా పెట్టి పోతుంటే సైకిల్ ఆమె కింద గలగలలాడుతూ తన దారిన తాను పోయేది. చూడటానికి బాగుండేది. కారులో కూర్చుని నేను జపం చేసుకుంటుంటే డ్రైవరు నన్ను ఆటపట్టించేవాడు.

బెల్జియం ప్రయాణానికి మూడు వారాలో ఏమో ఉండగా ఆ శుక్రవారం వచ్చింది. ముందు రోజు సాయంత్రమే టైర్లలో గాలి సరిచూసి, ఆమె సైకిల్‌ను కింద తలుపు దగ్గర పెట్టింది. పొద్దున కారెక్కించేటప్పుడు డ్రైవరు అలవాటు కొద్దీ టైరును బొటనవేలితో నొక్కాడు. మెత్తగా ఉంది. కాలవగట్టు మీద సైకిల్‌కు కొబ్బరికాయల గెలలు కట్టి తొక్కిన ఇంట్లో పుట్టినవాడు. వాళ్ళ వైపు మెత్తటి టైరుతో ఎవరైనా ఎదురైతే ఆపి మరీ గాలి కొట్టి పంపుతారట, లేకపోతే బరువుకు చక్రం సొట్టపోతుందట. పాపం, రాత్రి గాలి దిగిపోయినట్టుంది అనుకుని కారు డిక్కీలోంచి పంపు తీసి రెండు టైర్లూ రాయిలా బిగిసేదాకా కొట్టాడు. మంచి పని చేశాననుకుని ఎవరికీ చెప్పలేదు కూడా. ముందు రోజే చూసుకున్నాను కదా అని ఆమె మళ్ళీ చూడలేదు.

ఇటుకల మీదికి ఎక్కగానే సైకిల్ ఎగరడం నాకు కారులోంచే కనిపించింది. తర్వాత ఆమె చెప్పింది, ఆ రోజు తనకే ధైర్యం చాలడం లేదేమో, ఓర్చుకోవాలేమో అనుకుందట. ఓర్చుకుని ఇంకా వేగం పెంచింది. ఇటుకలు కుంగిన చోట ముందు చక్రం గాల్లోకి లేచి పక్కకు పడింది. ఆమె కుడి చెయ్యి ముందుకు చాచి, దాని మీద పడింది.

నేను పరిగెత్తేసరికి లేచి కూర్చుంది. తలకు ఏమీ కాలేదు, మోకాలు గీసుకుంది. కుడి మణికట్టును ఎడమ చేత్తో పట్టుకుని ఉంది. డ్రైవరు సైకిల్ లేపుతూ టైరు నొక్కి, చక్రాలు బాగానే ఉన్నాయి, పొద్దున గాలి కొట్టాను కాబట్టి సరిపోయింది అన్నాడు. ఆ పిల్ల తల ఎత్తి అతని వైపు చూసింది. రాళ్ళ కోసం గాలి కావాలనే తగ్గించి పెట్టిందని నేనే అతనికి చెప్పాను. విషయం తెలిశాక అతను ఆ ఇటుకల మీదే కూలబడ్డాడు.

“నేనేనండీ చేసింది. అమ్మగారికి తెలిత్తే బండి తాళాలు లాగేసుకుని ఇంటికి పంపేత్తారక్కా” అన్నాడు.

ఆమె అతన్ని ఒక్క మాట అనలేదు. నా చెయ్యి లాగి, హెల్మెట్ తీసేసి, చెమటతో తడిసిన నెత్తి మీద పెట్టుకుంది.

“మామాకు చెప్పాకు అక్కా. బెణికిందంతే. చెప్తే నన్ను పోనీదు. మళ్ళా అదే మాటంటాది. ఒట్టెయ్యి.”

వేశాను. ఆ ముఖం చూసి వేయకుండా ఉండటం నా వల్ల కాలేదు. మామాకు ఇచ్చిన మాట అప్పుడు గుర్తుకు రాలేదా అంటే వచ్చింది. వచ్చినా వేశాను.

మా వైపు చెయ్యో కాలో దెబ్బ తగిలితే ఆస్పత్రి కంటే ముందు కట్టు గుర్తొస్తుంది. పుత్తూరు దాకా పోయి కట్టించుకునేవాళ్ళు పోతారు, చిన్నదైతే ఇంట్లోనే ఎవరో ఒకరు కడతారు. మా అత్త కట్టడం చూసి నేనూ నేర్చుకున్నాను. గుడ్డు తెల్లసొనలో మినప్పిండి కలిపి, బట్టకు పూసి, మణికట్టు చుట్టూ వేసి, పైన వెదురు బద్దలు పెట్టి కట్టాలి. ఆరితే గట్టిపడి కదలనివ్వదు. వెదురు బద్దలు ఎక్కడ తేను? మాంసం కాల్చే కబాబు పుల్లలు విరిచి పెట్టాను. ఆమె పొడుగు చేతుల చొక్కా వేసుకుంది, చలి ఇంకా పోలేదు కాబట్టి ఎవరూ అడగలేదు. వాపు పెద్దగా లేదు. బెణుకే అయివుంటుందిలే అని ఇద్దరం ఒకరికొకరం చెప్పుకున్నాము.

రెండు రోజులు పడుకో, చెయ్యి కదపొద్దు అన్నాను. మరుసటి రోజు పొద్దున పైనుంచి యంత్రం మీద చక్రం తిరుగుతున్న చప్పుడు వినిపించింది. పోయి చూస్తే ఎడమ చెయ్యి హ్యాండిల్ మీద, కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని తొక్కుతోంది. ముఖం పాలిపోయి ఉంది. కట్టు కట్టించుకున్నవాళ్ళు కదలకుండా ఉంటేనే అది కట్టు. ఈ పిల్లకు నేను కట్టింది నయం కావడానికి కాదు, దాచడానికి. ఆ సంగతి ఆ గుమ్మంలో నిలబడ్డప్పుడు నాకు తెలిసింది.

ఇక ఇంట్లో ప్రతి పూటా గండమే. భోజనం దగ్గర మామా ముక్కు ఎగబీల్చి, ఏదో గుడ్డు వాసన వస్తోంది అంది. ఆ రోజు నేను కావాలని గుడ్లు వండాను. పిల్ల ఎడమ చేత్తో చెంచా పట్టుకోవడం చూసి, ఇదేం కొత్త వేషం అని మామా అడిగింది. వాళ్ళ మతంలో కుడి చేత్తోనే తినాలి. రాళ్ళ రోడ్డు కోసం రెండు చేతులూ సమానంగా అలవాటు చేసుకుంటున్నాను అని ఆ పిల్ల అబద్ధమాడింది. మామా ఆ చేతిని ఒకసారి చూసి తన పళ్ళెం వైపు తిరిగింది. మామా తెలివితక్కువది కాదు. కూతురి మీద నమ్మకం పెట్టుకోవాలని అప్పుడే కష్టపడి ప్రయత్నిస్తోంది, అందుకే అడగలేదని నా అనుమానం. అది తలుచుకుంటే నాకు ఇంకా బాధ.

కట్టు మార్చడానికి విప్పినప్పుడు చూశాను. వాపు తగ్గింది కానీ నొప్పి తగ్గలేదు. బొటనవేలు పైకి ఎత్తితే దాని మొదట్లో చిన్న గుంట పడుతుంది కదా, అక్కడ వేలు ఆనించగానే ఆమె పళ్ళు బిగించి గోడ వైపు తిరిగింది. నీళ్ళ సీసా నా ముందు పెట్టింది, మూత తీయమని నోటితో అడగలేదు. ఆ చేతితో నన్ను పట్టుకుని నడక నేర్చుకున్న పిల్ల. చెప్పకపోతే ఈ చెయ్యి ఏమవుతుందో, చెబితే ఆమె నాకు ఏమవుతుందో, రెండూ నాకు కనిపిస్తూనే ఉన్నాయి. పైగా ఆ ఒట్టు. తప్పితే కీడు ఆమెకే. చదువుకున్నవాళ్ళు నవ్వుతారు. నవ్వుకోండి, నాకు మాత్రం ఆ రోజుల్లో అన్నం సయించలేదు.

డ్రైవరును పక్కకు పిలిచి, ఇక దాచలేను అన్నాను. అతను చేతులు పట్టుకున్నాడు, ప్రయాణం అయిపోయేదాకా ఆగమన్నాడు. అతని భయం అతనిది. నాకు కోపం వచ్చింది.

“నువ్వు నొక్కి సూసింది టైరు కదబ్బీ. నేను నొక్కి సూసింది బిడ్డ చెయ్యి” అన్నాను. అతను నా చేతులు వదిలేశాడు.

ఆ మధ్యాహ్నం పిల్ల స్నానానికి పోయింది. మామా ఆఫీసు నుంచి వచ్చి హాల్లో చాయ్ తాగుతోంది. నేను ఎదురుగా పోయి నిలబడి అరబీలో చెప్పేశాను. దజీజ్‌లో పడటం, చెయ్యి, కట్టు, అన్నీ. గాలి సంగతి మాత్రం చెప్పలేదు. చెబుతున్నంతసేపూ పైన నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. అది ఆగేలోపు చెప్పేయాలని తొందరగా చెప్పాను.

మామా గ్లాసు కింద పెట్టింది. నన్ను తిట్టలేదు, తిట్టి ఉంటే బాగుండేది. నీ కళ్ళను నమ్మి పంపాను అని మాత్రం అంది. తర్వాత పైకి పోయి తలుపు కొట్టింది.

ఆస్పత్రిలో బొటనవేలి మొదట్లో ఉన్న చిన్న ఎముక చిట్లిందన్నారు. దానికి రక్తం తక్కువ అందుతుందట, కదిలిస్తే అతుక్కోదట. ఈ చేతితో ఆ రాళ్ళ మీదికి పోయి ఉంటే పట్టు శాశ్వతంగా పోయేదని డాక్టరు మామాకు చెప్పాడు. నా కబాబు పుల్లల కట్టు విప్పి ట్రేలో పడేశారు. మోచేతి దాకా సిమెంటు కట్టు వేశారు. బెల్జియం లేదు, ఖలాస్.

ఎలా పడ్డావని మామా అడిగినప్పుడు, టైర్లలో గాలి ఎక్కువ పెట్టింది నేనే అని ఆ పిల్ల తన మీద వేసుకుంది. డ్రైవరు ఉద్యోగం నిలిచింది. నన్ను కూడా మామా పంపలేదు. కానీ కారు ఇంటికి చేరి దిగేటప్పుడు, తలుపు తీసిన నాతో ఆ పిల్ల “షుక్రన్” అంది, అరబీలో ధన్యవాదాలు అని.

అంతే. అప్పటి నుంచి నాతో అరబీలోనే మాట్లాడింది. కసిరేది కాదు, విసుక్కునేది కాదు. నీళ్ళు కావాలి, బట్టలు తీసుకో, తలుపు వేసి వెళ్ళు, ధన్యవాదాలు. అందరి ఇళ్ళలో అందరు పనివాళ్ళతో మాట్లాడినట్టే చాలా మర్యాదగా మాట్లాడింది. ఆ మర్యాద నాకు చెంపదెబ్బ కంటే ఎక్కువగా తగిలింది. గది తివాచీ మీద మరకలు రుద్దుతూ కావాలనే గట్టిగా తిట్టాను. ఆమె నవ్వలేదు.

దానికి తోడు నా భయం ఒకటి. ఆమెకు తలనొప్పి వచ్చినా, దగ్గు వచ్చినా, మెట్ల మీద కాలు తడబడినా నా గుండె జారిపోయేది. ఒట్టు తప్పాను కదా. తీస్తాను, తల వంచమని అడుగుదామంటే ఆమె నా భాషలో మాట్లాడటమే మానేసింది.

బెల్జియంలో ఆ రాళ్ళ రోడ్డు రైడ్ జరిగే రోజు ఇంటికి చుట్టాలు వచ్చారు. చాయ్ అందిస్తుంటే మామా ఆ పాత మాట మళ్ళీ అంది, ఈసారి నవ్వకుండానే, ఇది దేన్నీ చివరిదాకా చేయదు అని. ఇన్నేళ్ళలో ఆ హాల్లో నేను అడగకుండా నోరు తెరిచింది లేదు. ఆ రోజు తెరిచాను.

“ఈసారి ఆపింది ఆమె కాదు మామా. నేను ఆపాను” అన్నాను అరబీలో.

అందరూ నా వైపు చూశారు. మామా నా చేతిలోని పళ్ళెంలోంచి ఒక గ్లాసు తీసుకుని తనే పక్కన కూర్చున్నావిడకు అందించింది. ఆ పిల్ల మెట్ల దగ్గర ఉందో, గదిలో ఉందో నేను చూడలేదు.

ఎండలు ముదిరాక సిమెంటు కట్టు తీశారు. చెయ్యి సన్నబడి, చర్మం పొలుసులు రేగి, ముసలివాళ్ళ చెయ్యిలా ఉంది. మెత్తటిది ఏదైనా పిసుకుతూ ఉండమన్నారు. రబ్బరు బంతి కొన్నారు. అది ఆమెకు నచ్చలేదో ఏమో, ఒక సాయంత్రం నేను రొట్టెల పిండి కలుపుతుంటే వంటింట్లోకి వచ్చి, ఏమీ అడగకుండా పళ్ళెంలోంచి ఒక ముద్ద తుంచుకుంది. బండకు ఆనుకుని నిలబడి పిసికింది. మరుసటి రోజూ వచ్చింది. మాటల్లేవు. నేనూ పలకరించలేదు, పలకరిస్తే షుక్రన్ అంటుందని భయం. మొదట్లో పిండి ఆమె వేళ్ళ మధ్య కదిలేది కాదు. తర్వాత్తర్వాత ముద్ద మీద నాలుగు వేళ్ళ గుర్తులు పడేవి, బొటనవేలిది పడేది కాదు. ఆ ముద్దలతోనే రొట్టెలు చేసి ఆమెకు పెట్టేదాన్ని, తినేది.

బొటనవేలి గుర్తు కూడా పడిన రోజు ముద్దను కాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

“మళ్ళా పడితే, మళ్ళా చెప్తావా?” అంది.

తెలుగులో అంది. నేను పిండి కలపడం ఆపలేదు, ఆపితే ఏడుపు వచ్చేలా ఉంది. అబద్ధం చెబితే ఆ పూటకు హాయిగా ఉండేది.

“చెప్తా” అన్నాను.

“చెప్పు. కానీ ముందు నా దగ్గరికి రా. చెప్తాండా అని నాకు చెప్పు. నేను స్నానానికి పోయినప్పుడు కాదు.”

సరే అన్నాను. ఆమె ముద్దను పళ్ళెంలో పెట్టి నా ముందుకు వచ్చి నిలబడి తల వంచింది.

“తీయి. పాత ఒట్టు అట్లనే ఉండాది.”

అన్ని నెలలూ దాన్ని ఆమె కూడా మోసిందని నాకు అప్పుడు తెలిసింది. చేతుల నిండా పిండి. అలాగే నెత్తి మీద పెట్టి, పిడికిలి మూసి తీసి, వంటింటి బండ మీద పెట్టాను. జుట్టుకు పిండి అంటింది. తుడవబోతే ఉండనీలే అంది.